సిమ్లా వాకిట్లో పేడనీళ్ళు

మొన్న మా మనవరాలు స్నేహితురాండ్రతో మనాలి పోయి, అక్కడి మంచులో పొర్లి, ఒకరి మీద ఒకరు చల్లుకుని, ఆ సంబరమంతా ఫోనులో పంపించింది. తిరుపతిలో మా ఫ్లాటులో అందరూ ఆ ఫోను చుట్టూ మూగి ఆహా ఓహో అంటా ఉంటే, నేను మాత్రం కండ్లద్దాలు సర్దుకుని ఆ పిల్ల కాలికింద ఏముండాదో చూసినాను. తెల్లగా ఉండే చోట భయం లేదు, నున్నగా మెరిసే చోట అడుగు పెట్టొద్దని దానికి చెప్పండమ్మా అన్నాను. మా కోడలు నవ్వి, అత్తా నువ్వు మంచు యాడ చూసినావు, పుట్టిందీ పెరిగిందీ కార్వేటినగరమే కదా అనింది. ఇన్నేండ్లు ఒకే ఇంట్లో ఉన్నా మన సంగతి మనవాళ్ళకే తెలీదు. చూడడమేమిటి తల్లీ, చేటలతో ఎత్తిపోసినాను. దానికి చెబితే నమ్మేటట్టు లేదు గానీ, నా ఈడు వాళ్ళు మీరైనా నమ్ముతారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా నాయన గుమాస్తాగా పనిచేసే సర్కారు ఆఫీసును సిమ్లాకు మార్చినారు. నాయన వెంట అమ్మ, నేను, నాయనను కన్నతల్లి మా అవ్వ, అందరమూ పోయినాము; తాత మాత్రం సేద్యం చూసుకుంటా ఊర్లోనే నిలిచిపోయినాడు. అవ్వ ఎరిగిన కొండ ఒక్కటే, తిరుమల కొండ. దాన్ని ఎక్కితే చెమట పడుతుంది గానీ చలి వేయదు. కాబట్టి రైలుకు సామాను బరువైందని నాయన గొణిగినప్పుడు ఆమె కంబళ్ళు తీసి ఇంట్లో పెట్టి, చేటలూ రోకలీ ముగ్గుపిండి మూటా మాత్రం వదలకుండా తెచ్చుకుంది. సిమ్లాలో మాకు దొరికింది కొండవాలులో చెక్కల ఇల్లు. ముందర బండలు పరిచిన వాకిలి, వాకిలి చివర కింద దారిలోకి నాలుగు మెట్లు.

అవ్వ అంతదూరం వచ్చింది మా కోసం కాదు, మా చిన్నాయన కోసం. నాయనకు తమ్ముడు, ఇంట్లో చెప్పాపెట్టకుండా పటాళంలో చేరినాడు. ఆ ఉత్తరాదిలోనే ఏదో క్యాంపులో కవాతు నేర్పిస్తా ఉండారనీ, అది కాగానే బర్మాకు తోలేస్తారనీ తెలిసి అవ్వకు తిండి సయించలేదు. సంక్రాంతికి ముందర పండగ నెల ముప్పై దినాలూ పొద్దు పొడవక ముందే వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గు వేస్తాను, ఒక్క దినమూ తప్పను, నా బిడ్డను ఆ బర్మాకు పోనీకుండా చూడు సామీ అని కొండ దిక్కు తిరిగి మొక్కుకుంది. ఒక్కపూట తప్పినా మొక్కు చెడినట్టే. మొక్కుకున్నదేమో కార్వేటినగరంలో, రోహిణి ఎండల్లో. సిమ్లాలో పండగ నెలకు అసలు వాకిలే కనబడదని ఆమెకెవరు చెప్పినారు?

ఆ నెలలో మొదటిసారి మంచు పడిన తెల్లవారి తలుపు తెరుచుకోలేదు. నాయన భుజం పెట్టి నెట్టితే సందులోంచి తెల్లగా మోకాలెత్తు గోడ కనబడింది. అవ్వ తొంగి చూసి, ఎవురబ్బా ఈడ ఉప్పు కుమ్మరించి పోయినారు, అనింది. ఇంట్లో పార లేదు. చేటలు ఉండాయి, అన్నం వార్చే సిబ్బి ఉండాది, అంతే. నాయన పంచె మీద ఆఫీసు కోటు తొడుక్కుని, తలకు అమ్మ పాతచీర చుట్టుకుని దిగినాడు. అమ్మ చేటతో ఎత్తి ఎడమకు పోస్తే గాలికి అదంతా నాయన ముఖాన పడేది, నాయన విసురుగా కుడికి పోస్తే నేను ఊడ్చిన చోట పడేది, నేను ఊడ్చింది అమ్మ కాళ్ళ దగ్గరికి చేరేది. అట్ల ఒకే మంచును ముగ్గురమూ చాలాసేపు ఎత్తినాము. నాయన ఎంతైనా ఆఫీసు బుర్ర కదా, ఇదంతా ఎందుకని అండా నిండా నీళ్ళు కాచి కుమ్మరించినాడు. ఆవిరి లేచి, మంచు కరిగి, బండలు కనబడినాయి. నాయన నడుముమీద చెయ్యి పెట్టుకుని జమీందారు మాదిరి నిలబడినాడు. అండా లోపల పెట్టి వచ్చేలోపల వాకిలంతా అద్దమైపోయింది. దాన్ని రోకలితో దంచాల్సి వచ్చింది.

దానిమీద అవ్వ పేడనీళ్ళు చల్లింది. అవి కూడా పడీపడకముందే బిగిసిపోయి, పచ్చటి గాజుపలక పరిచినట్టయింది. ముగ్గు వేస్తే తెలుపులో తెలుపు కలిసిపోయి ఏ గీత యాడుండాదో ఆమెకే తెలియలేదు. మరుసటి దినం నుంచి పిండిలో పసుపూ ఎర్రమట్టి జాజూ కలిపింది. ఇంటి యజమాని, పాపం మంచివాడు, వచ్చి చేతులు తిప్పి తిప్పి చెప్పినాడు, పొయ్యిలో బూడిద చల్లుకుంటే కాలు జారదని. నాయన ఆ మాట తెలుగులో చెప్పగానే అవ్వ కండ్లెర్రజేసింది. నామం పెట్టుకునే ఇంటి వాకిట్లో, అదీ బిడ్డ కోసం మొక్కుకున్న నెలలో, బూడిదా? నాయన ఆ తిట్లన్నీ విని, యజమాని వైపు తిరిగి, మా అమ్మ ఆలోచిస్తానంటా ఉంది అని హిందీలో చెప్పినాడు.

ఆలోచన తెగేలోపల మా వాకిట్లో పడనివాళ్ళు లేరు. పాలవాడు పడినాడు, పోస్టుమాను పడినాడు, బూడిద మాట చెప్పిన యజమాని బాడుగకు వచ్చి రెండుసార్లు పడినాడు. నాయన పడీ పడీ తెలివి తెచ్చుకుని, ఆఫీసుకు పోయేటప్పుడు గడపలోనే కూర్చుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, మెట్ల దాకా దేకుతా పోయేవాడు. అవ్వ ఒక్కతే పడలేదు. ఒట్టికాళ్ళతో, మెట్టెలు టక్కుటక్కుమనిపించుకుంటా, మా ఊరి వాకిట్లో తిరిగినట్టే తిరిగేది.

నెల ఇంకో వారంలో అయిపోతుందనగా రాత్రంతా కురిసి కిటికీల దాకా మంచు పేరుకుంది. నాయనకు జలుబూ జ్వరమూ. ఈ ఒక్క దినం వదిలేయమ్మా, సామికి కండ్లు లేవా అన్నాడు. అవ్వ మారు మాట్లాడకుండా చేట తీసుకుని తలుపు దగ్గరికి పోయింది. ఆమె తిట్టినన్నాళ్ళూ మాకు భయం లేదు. నోరు మూసుకుంటే మాత్రం ఇల్లంతా పరుగెత్తాల్సిందే. జ్వరంతో నాయన, దగ్గుతా అమ్మ, ముక్కు తుడుచుకుంటా నేను, అందరమూ ఎత్తిపోసినాము. తూరుపు తెల్లబడతా ఉంటే అవ్వ పేడనీళ్ళు చల్లి, వంగి ముగ్గు మొదలుపెట్టింది.

సగం ముగ్గులో ఉండగా మెట్ల కింద బూట్ల చప్పుడయింది. చిన్నాయన! బర్మాకు పోయే ముందు నాలుగు దినాలు సెలవిచ్చినారంట, వెంట సత్యవేడు అబ్బాయి ఒకడు, ఒకే క్యాంపు వాళ్ళు. వంగి ఉన్న తల్లిని చూసి చిన్నాయన అమ్మా అంటా పరుగెత్తుకొచ్చినాడు. ఆ బూట్లకు ఇనుప మేకులు. పైమెట్టు మీద జారడం మొదలుపెట్టినవాడు ముగ్గంతా తుడుచుకుంటా, కషాయం చెంబుతో గడప దాటుతున్న నాయనను కూడా కలుపుకుని, తలుపుకు కొట్టుకుని ఆగినాడు. చెంబు దొర్లి దారిలోకి పోయింది. మేమంతా నవ్వినాము, అందరికంటే ఎక్కువ ఆ సత్యవేడు అబ్బాయి నవ్వినాడు. లేవబోతే చిన్నాయన కాలు నిలవలేదు. అప్పుడు ఆ అబ్బాయే, దిగులు పడొద్దవ్వా నేనుండాను కదా అని, చిన్నాయనను వీపున వేసుకుని, అంత జారుడు దారిలోనూ ఒక్కసారి జారకుండా ఆసుపత్రికి మోసుకుపోయినాడు. చెరిగిన ముగ్గును అవ్వ పొద్దు పొడిచేలోపలే మళ్ళీ వేసింది. సాయంత్రం వచ్చి మా ఇంట్లో అన్నం తిన్నాడు. ఊరిబిండి పచ్చడి రెండోసారి అడిగి వేయించుకుని, మా అమ్మ కూడా ఇట్లే నూరుతాది అన్నాడు.

చిన్నాయన కాలికి పెద్ద కట్టు పడింది. అతను మంచం మీద ఉండగానే ఆ జట్టంతా బర్మాకు పోయింది. ఎముక వంకరగా అతుక్కోవడంతో ఇతన్ని క్యాంపు సామాన్ల కొట్టులో లెక్కలకు కూర్చోబెట్టినారు. మేము కార్వేటినగరం చేరినాక అవ్వ ఈ సంగతి ఇంటింటికీ చెప్పుకుంది. బిడ్డను ఆపమన్నాను, సామి ఆపినాడు, ఎట్ల ఆపాలో నేను చెప్పలేదు, అది నా పొరపాటే అనేది.

చిన్నాయన కూడా పెండ్లిళ్ళలో, పేరంటాల్లో ఈ కథ చెప్పేవాడు. నాయన దేకడం చేసి చూపించి, యజమాని పడడం చేసి చూపించి, కడుపులు పట్టుకునేదాకా నవ్వించేవాడు. సత్యవేడు అబ్బాయి తనను వీపుకెత్తుకున్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగి, ఎవరినైనా మంచినీళ్ళు అడిగేవాడు. ఆ అబ్బాయి బర్మా నుంచి రాలేదు. పడినవాడు ఇంటికొచ్చినాడు, లేపినవాడు రాలేదు.

చిన్నాయన కుంటుకుంటానే సత్యవేడు పోయి ఆ తల్లిని చూసి వచ్చినాడు. ఆ యేటి పండగ నెలలో అవ్వ మా వాకిట్లో పెద్దముగ్గు పక్కన నాలుగు చుక్కలతో ఒక చిన్నముగ్గు కూడా వేసింది. ఇదేంది అత్తా అని అమ్మ అడిగితే, నేను నా బిడ్డ ఒక్కణ్ణే అడిగినాను, వాని పక్కనున్న వాణ్ణి కూడా అడిగుంటే సామికి బరువయ్యేదా, అనింది. ఉన్నన్నాళ్ళూ ఆ చిన్నముగ్గు తప్పలేదు. ఆమె తర్వాత అమ్మ వేసింది, అమ్మ తర్వాత నేను వేస్తా ఉండాను.

ఇప్పుడు మా ఫ్లాటుకు వాకిలంటే గడప ముందర రెండు పలకలు, వాటి మీద అంగట్లో కొని అంటించిన ముగ్గు. ఊడ్చేది లేదు, చల్లేది లేదు, ఎవరూ జారిపడేది లేదు, పడితే నవ్వేదానికి పక్కన మనుషులూ లేరు. ఆ అంటించిన ముగ్గు పక్కన నేను సుద్దముక్కతో నాలుగు చుక్కలు పెట్టి కలుపుతాను. తుడిచే అమ్మాయి పొద్దున్నే తుడిచేస్తుంది, నేను మళ్ళీ పెడతాను. ఇదెవరికి అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మనాలి పోయిన పిల్ల రానీ, దానికి చెప్తాను. చిన్నాయన జారినంతవరకూ నవ్వుతానే చెప్తాను. ఆ పైన నాకూ ఎవరైనా గ్లాసెడు మంచినీళ్ళు ఇయ్యాల.