ఆ అతుకు ఊడలేదు

మొన్న శుక్రవారం పొద్దున చిత్తూరు నుంచి ఫోను వచ్చింది, ట్రైలర్లు కట్టే మేస్త్రీ పోయారని. ఆయన పెద్ద కొడుకే చేశాడు. జుమ్మా నమాజు అయినాక తీసుకుపోతామని, రమ్మని చెప్పాడు. బంగారుపాళ్యంలో బస్సెక్కాను. కూర్చున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో, ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మిన పాత జీపు ఒకటి నాకుండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా జిల్లాలో నాలాంటి పిచ్చివాళ్ళు పదిమంది దాకా తయారయ్యారు. సెలవు దొరికితే చాలు, బురదలో, బండరాళ్ళ మీద జీపులు నడిపే పోటీలకని కర్ణాటక కొండలకు పోయేవాళ్ళం. బురద టైర్లు వేసిన ఆ జీపును హైవే మీద గంటసేపు నడిపితే చెవులూ నడుమూ రెండూ పోయేవి. అందుకని దాన్ని ట్రైలర్ మీద ఎక్కించి లాక్కుపోవాలనుకున్నాను. ఏ బండితో లాగాలి, ఎలాంటి ట్రైలర్ కట్టించాలి అని అడగడానికి మేస్త్రీ షెడ్డుకు వెళ్ళాను.

నా చిన్న వ్యాను దీన్ని లాగుతుందా అని అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. జీపుతో సహా నన్ను లారీలు తూచే కాటా దగ్గరకు తీసుకెళ్ళారు. ట్యాంకు నింపించి, జాకీ, తాళ్ళు, స్టెపినీ టైరు అన్నీ వేయించి, నన్ను కూడా లోపల కూర్చోబెట్టి తూయించారు. దానికి ట్రైలర్ బరువు కలుపుకోమన్నారు. అయినా లాగుతుంది కదా అని నేను నసిగాను.

"లాగేదాన్ని సూడొద్దప్పా," అన్నారు. "మొగిలి ఘాట్ దిగేటప్పుడు నిలబెట్టేదాన్ని సూడు."

చివరికి సొంత బరువు బాగా ఉండి, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ దూరం ఎక్కువున్న పాత ట్రక్కు ఒకటి కొనిపించారు. ట్రైలర్‌కు ఒక ఇరుసు చాలని నేను, రెండు కావాలని ఆయన. ట్రైలర్‌కు కూడా బ్రేకులు పెట్టాల్సిందే అన్నారు. నేను తొందరపెట్టినప్పుడల్లా టీ సాసర్‌లో పోసుకుని, నేను నోరు మూసుకునేదాకా తాగేవారు. చెవి మీద సుద్దముక్క, నుదుటి మీద కళ్ళద్దాలు పెట్టుకుని ఆ రెండింటి కోసమే షెడ్డంతా వెతికే మనిషి. వెల్డింగ్ అతుకు దగ్గర మాత్రం వేరే మనిషైపోయేవారు. అతికింది చల్లారాక చిన్న సుత్తితో కొట్టి, చెవి పెట్టి వినేవారు. నచ్చకపోతే కోసేసి మళ్ళీ అతికేవారు. నా కంటికి లక్షణంగా ఉన్నవి కూడా ఎన్నో కోసేశారు.

జీపు ఎక్కించడమూ ఆయనే నేర్పారు. జీపు ఇంజను, లాగే బండి వైపుకే ఉండాలి. తాళ్ళు బిగించాక, బండికి తగిలించే ట్రైలర్ ముక్కును చేతులతో లేపి చూడాలి. "ఒకడు లేపితే లేయకూడదు, ఇద్దురు లేపితే లేయాల. ఒకడికే లేసిందంటే ఎనక బరువుండాదని. రోడ్డెక్కొద్దు." ఇప్పటికీ పక్కింటాయన్ని పిలిచి ముక్కు లేపించి చూడనిదే నేను బయల్దేరను.

ఇక నాకు కోపం తెప్పించిన ఆ పెద్దమనిషి. మా వైపు అతనికి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. పేరు రాయను. మా వైపు వాళ్ళకు అక్కర్లేదు, మిగతావాళ్ళకు అనవసరం. నా ట్రైలర్ చూసి ముచ్చటపడి, అలాంటిదే మేస్త్రీ దగ్గర కట్టించుకున్నాడు. లాగడానికి మాత్రం ఫ్యాక్టరీలో ఉన్న తేలికపాటి పికప్ చాలన్నాడు. మా దగ్గర కాయలు లోడు చేసే పద్ధతి ఒకటుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర త్వరగా దించడానికి వీలుగా బరువంతా ట్రాక్టర్ ట్రైలర్ వెనక కొసకు చేరుస్తారు. ట్రాక్టర్ నడిచే నడకకు అది చెల్లిపోతుంది. అతను పోటీకి పోయే రోజు తన జీపునూ అలాగే ఎక్కించాడు. దించేటప్పుడు నేరుగా నడుపుకుంటూ దిగొచ్చని, ఇంజను వెనక కొసకు వచ్చేలా పెట్టాడు.

ఆ రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. మేస్త్రీ ఒక్కరే ముక్కు లేపి చూపించారు. జీపును తిప్పి ఎక్కించమని బతిమాలారు. ఇన్నేళ్ళుగా లోడ్లు దించుతున్నవాడికి పాఠాలు చెప్పొద్దని పెద్దమనిషి నవ్వి వెళ్ళిపోయాడు. పోయేటప్పుడు ఘాట్ ఎక్కాలి కాబట్టి ఎలాగో నెమ్మదిగా పోయాడు. తిరిగి వస్తూ దిగుతుండగా ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. చిన్న బండి దాన్ని పట్టి నిలపలేకపోయింది. రెండూ కలిసి పొర్లాయి. డ్రైవర్ కాలు విరిగి పుత్తూరు కట్టు కట్టించుకున్నాడు. పెద్దమనిషికి గీత కూడా పడలేదు.

మేస్త్రీ పెట్టిన అతుకు ఊడిందని అతను ఆ రోడ్డు మీదే అందరికీ చెప్పాడు. మధ్యాహ్నానికి నేను వెళ్ళి చూశాను. ముందరి ఇనుప కడ్డీ వంగింది. అతుకు ఊడలేదు. వేళ్ళతో తడిమి మరీ చూశాను. మర్నాటికల్లా అతను ఆ ట్రైలర్‌ను ముక్కలు కోయించి పాత ఇనుముకు పంపేశాడు, ఇంకెవరూ చూడకుండా. ఫ్యాక్టరీ యజమాని మాట ముందు షెడ్డు మేస్త్రీ మాట ఎవరు వింటారు? ఆర్నెల్లు తిరిగేసరికి ట్రైలర్ కట్టమని అడిగేవాళ్ళే లేకుండా పోయారు. మేస్త్రీ కిటికీ గ్రిల్లులు చేసుకుని బతికారు.

ఆయన్ని మహాత్ముడనుకోకండి. ఆయన క్షమించలేదు. క్షమించనందుకు నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. ఒకసారి పెద్దమనిషి, కొత్త ఇంటికి గేటు చేసిపెట్టమని మనిషిని పంపాడు. మేస్త్రీ గోడకు ఆనించిన కడ్డీల ముందే కూర్చుని, ఇనుము లేదని చెప్పి పంపించేశారు. ఆ రోజు ఆయన నవ్విన నవ్వు ఆ తర్వాత మళ్ళీ చూడలేదు. నేనూ ఊరుకోలేదు. నా మామిడి తోట కాయ ఒక్కటి కూడా ఆ ఫ్యాక్టరీ గేటు దాటనివ్వలేదు. పెళ్ళిళ్ళలో, బస్టాండుల్లో, పోటీలకు పోయిన ప్రతిచోటా ఈ సంగతి చెప్పాను. జనం తలూపి విని, ఎవరి పని మీద వాళ్ళు పోయేవారు.

పోయిన నెల చూడటానికి వెళ్తే ఆయన మంచం మీదున్నారు, ఆయాసం. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"నేను పొయినాక అయినా ఆ అతుకు ఊడలేదని నలుగురికీ తెలియాలప్పా. వాని నోటితోనే తెలియాల."

శుక్రవారం మేస్త్రీ జనాజా లేచినప్పుడు, ఆ పాడె ముందువైపు కొయ్యకు నేను భుజం పెట్టాను. ముసల్మానుల్లో మోసేవాళ్ళు నాలుగడుగులకొకసారి మారుతుంటారు. ఎవరు వచ్చి భుజం ఆనిస్తే వాళ్ళకు చోటివ్వాలి, అది పుణ్యమని అందరూ పోటీపడతారు. సందు మలుపులో, తెల్ల చొక్కా వేసుకుని, తలకు చేతిరుమాలు కట్టుకుని పెద్దమనిషి వచ్చాడు. చోటివ్వమని నా వీపు తట్టాడు. నేను కదల్లేదు.

"ఆ అతుకు ఊడలేదని చెప్పన్నా," అన్నాను. "చెప్పి పట్టుకో."

మెల్లగా అనలేదు. ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ విన్నారు. అతను నా వెనక మోస్తున్న మేస్త్రీ పెద్ద కొడుకు వైపు చూశాడు. ఆ అబ్బాయి చూపు తిప్పుకోలేదు, చోటూ ఇవ్వలేదు. అటువైపు ఉన్న ఇద్దరూ ఇవ్వలేదు. చావు దగ్గర ఇలా చేస్తారా అని మీరడగొచ్చు. నేను చేశాను. మళ్ళీ అయినా చేస్తాను.

అక్కడి నుంచి ఖబరస్తాన్ కిలోమీటరు పైనే ఉంటుంది. మేం నలుగురం ఒక్కసారి కూడా మారలేదు. అతను మా పక్కనే, సగం లేపిన చెయ్యి దించుకోలేక, గేటు దాకా ఎండలో నడిచాడు.