కోదాడలో అడిగిన గడువు

మా మామగారి శవం లేచే వేళకు నేను కోదాడ బస్టాండులో కూర్చుని ఉన్నాను. ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. వాకిట్లో డప్పులు మోగుతున్నాయి. వచ్చిన ప్రతివాడూ అల్లుణ్ణని నన్ను వాటేసుకుని నా మెడ మీద ఏడుస్తున్నాడు. ఆ మోతా, ఆ తడి చేతులూ తట్టుకోలేకపోయాను. ఊపిరాడక లేచి కాళ్ళు ఎటు పోతే అటు నడిచాను. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. అల్లుడేడీ అని పాడె దగ్గర వెతికారట. మామగారంటే నాకు ప్రాణం. నన్ను మాట్లాడమని పోరు పెట్టని మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు.

కర్మ అయ్యాక నా భార్య మా ఊరు మిర్యాలగూడకు రాలేదు. "మా నాన్న మీద మీకు ఆ మాత్రం కూడా లేదా?" అని అడిగింది. ఉంది అన్నాను. "మరెందుకెళ్ళిపోయారు?" అంది. ఎందుకో నాకు నిజంగా తెలియదు. తెలియదన్నాను. ఆమె తలుపు వేసుకుంది.

ఆ వేసవిలోనే, 2011లో, మా అన్నయ్య కూతురికి నాలుగేళ్ళొచ్చినా మాటలు రాలేదని వదినతో కలిసి సూర్యాపేటలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చప్పుళ్ళకు చెవులు మూసుకుంటదా, ఎత్తుకుంటే గింజుకుంటదా, అని ఆయన ఒక్కొక్కటే అడుగుతున్నాడు. వదిన పాప గురించి చెబుతోంది. అవన్నీ నా సంగతులే. పాపకు ఆటిజం అన్నాడు. అది పెద్దవాళ్ళకూ ఉంటుందా అని అడిగాను.

"చిన్నప్పుడు ఉన్నది పెద్దయితే ఏడికి పోతది? కానీ పెద్దోళ్ళను చూసేటోళ్ళు గీడ లేరు. హైదరాబాద్ పోవాలె" అన్నాడు.

హైదరాబాద్‌లో ఆయన చెప్పిన దవాఖానలో పెద్దవాళ్ళను చూసే డాక్టరమ్మ ఒక్కతే. దసరా దాటాక తేదీ ఇచ్చారు. ఆమె ఏదో ఒకటి తేల్చితే ఆ మాట పట్టుకుని కోదాడ వెళ్ళి, నా భార్యకు అర్థమయ్యేలా చెప్పి తీసుకొచ్చుకోవాలన్నది నా ఆలోచన. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

ఎదురుచూడడం నాకు చేతకాని పని. మా రైస్ మిల్లులో చెవుల్లో దూది కుక్కుకుని పని చేశాను. మోత మరీ ఎక్కువైతే ఊక గోదాములో కూర్చున్నాను. అక్కడికీ మనుషులొచ్చేవారు, పెండ్లాం ఎప్పుడొస్తదని అడగడానికి. ఈ ఊళ్ళో మనిషికి జ్వరమొస్తే అడగరు గానీ ఇంట్లో పొయ్యి వెలగకపోతే మాత్రం వరస కడతారు. వాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది. దవాఖానకు పదే పదే ఫోన్ చేస్తుంటే అక్కడి అమ్మాయి నా గొంతు గుర్తుపట్టి, "సార్, మీరెన్నిసార్లు చేసినా తేదీ ముందుకు రాదు" అంది. ఆ మాట మాత్రం నాకు నచ్చింది. అందులో అబద్ధం లేదు.

తేదీ వచ్చేసరికి తెలంగాణ సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. జీపుల్లో, లారీల్లో ఎలాగో చేరితే డాక్టరమ్మే రాలేదు. మళ్ళీ మాఘమాసంలో ఇచ్చారు. ఆ వరండాలో నేల మీద కూర్చుని ఏడ్చాను.

కోదాడ వాళ్ళు మాఘం దాకా ఆగలేదు. కార్తీకంలో పెద్దమనుషులను కూర్చోబెట్టారు. మా వాళ్ళలో దీనికొక పద్ధతి ఉంది. ముందు అల్లుణ్ణి నాలుగు తిడతారు. అల్లుడు తలవంచుకుని తప్పయింది, పంపించండి అంటాడు. తప్పేమిటని ఎవరూ విప్పరు. చాయ్ తాగి, పిల్లకు బొట్టు పెట్టి బండెక్కిస్తారు. కారులో హుజూర్‌నగర్ దాటేదాకా అన్నయ్యది ఒకటే పాఠం. "జర ఆడ తెలివి సూపియ్యకు. తప్పయింది అను, ఖతం."

తిట్లు అయ్యాయి. అందరూ నా వైపు చూశారు. నా నోట ఆ మాట రాలేదు. అది తప్పో, జబ్బో, నా పుట్టుకో తెలియకుండా ఏమని ఒప్పుకోను?

"మాఘమాసం దాకా ఆగుండ్రి. డాక్టరమ్మ సూసినంక చెప్త" అన్నాను.

"ఏం డాక్టరమ్మ?" అన్నాడు నా భార్య మేనమామ.

"మెదడు సంగతులు సూసేటామె."

చాయ్ తెస్తున్న మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. "అంటే పిచ్చి దాచిపెట్టి మా పిల్లను చేసుకున్నారన్నమాట" అన్నాడు మేనమామ. పిచ్చి కాదు, పుట్టుకతో వచ్చేదని చెప్పాను. నమ్మకపోతే మా అన్నయ్య బిడ్డకు కూడా ఉందన్నాను. సాక్ష్యం ఉంటే నమ్ముతారనుకున్నాను. అన్నయ్య ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు. నెల తిరక్కుండా ఇరుపక్కలా పెట్టిన బంగారం, సామాన్లు వెనక్కి ఇచ్చుకున్నారు. మేము విడిపోయాం.

పాప పేరెత్తినందుకు అన్నయ్య నాతో మాటలు మానేశాడు. అయినా నన్ను చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళు కావాలని దవాఖాన వాళ్ళు చెబితే, మాఘంలో తనే వెంట వచ్చాడు. ఆమె మా ఇద్దరినీ పొద్దంతా అడిగింది. చివరికి, అవును, ఆటిజమే అంది. "ఎదుటివాళ్ళు మనసులో పెట్టుకున్నది మీకు అందదు. విప్పి చెబితేనే తెలుస్తుంది. అది మీ తప్పు కాదు" అంది. నేను ఎదురుచూసిన ఆ మాట, నేను అడగకుండానే ఆమె ఇచ్చేసింది. వరండాలోకి వచ్చి కోదాడకు ఫోన్ చేశాను. నా భార్యే ఎత్తింది. అంతా చెప్పాను.

అంతా విని ఆమె మెల్లగా అంది.

"ఇప్పుడు నాకెందుకండీ ఇదంతా? మీరు ఎలాంటివారో నాకు డాక్టరు చెప్పాలా? పెద్దమనుషులు కూర్చున్న రోజు నేను బట్టలు సర్దుకుని వెనక గదిలో కూర్చున్నాను. మాఘం వద్దు, ఏ కారణమూ వద్దు. నా భార్యను పంపండి అని ఒక్క మాట అంటారని చూశాను. అదైనా మీకు తెలియలేదా?"

ఎవరూ చెప్పకపోతే నాకు తెలియదు. ఇప్పుడే డాక్టరమ్మ చెప్పింది అదేనని ఆమెతో అనబోయాను. అప్పటికే ఫోన్ పెట్టేసింది.