ఏడూళ్ళ కోతపండుగ పిలుపు

సాతంరాయి చర్చి వెనక రేకుల ఇంట్లో ఉండే వరమ్మను చుట్టుపక్కల ఏడూళ్ళ వాళ్ళు ‘పిలుపు వరమ్మ’ అనేవాళ్ళు. చర్చిలో ఆమె బైబిలు స్త్రీ. రోగుల పక్కన కూర్చుని ప్రార్థన చెయ్యడం, బాలింతలను చూసి రావడం, ఆడవాళ్ళ కూటాలు నడపడం ఆమె పని. కానీ జనం ఆమెను గుర్తుపెట్టుకున్నది వాటికి కాదు. ఏటా నవంబరులో సాతంరాయిలో కోతపండుగ జరిగేది. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి చర్చిలో ఆరాధన బల్ల ముందు పెట్టేవాళ్ళు. ఆ పండుగకు పదిహేను రోజుల ముందు వరమ్మ చేతిసంచిలో ఒక చీర, బైబిలు పెట్టుకుని బయలుదేరేది. గగన్‌పహాడ్ మొదలు బాలాపూర్ దాకా కొంత నడిచి, కొంత బస్సెక్కి, ఊరూరా పిలిచి వచ్చేది. ఇరవై రెండేళ్ళుగా అదే దారి.

పిలుపంటే తేదీ చెప్పి రావడమే కాదు. ఒక ఊరి కబురు ఇంకో ఊరికి ఆమె నోటనే చేరేది. తొండుపల్లిలో ఈడొచ్చిన పిల్ల ఉందని పెద్ద గోల్కొండలో చెప్పేది. ఫలానా వాళ్ళ ముసలామెకు కళ్ళు కనిపించడం లేదని, పోయి చూసి రమ్మని దూరపు చుట్టాలకు చెప్పేది. ఆమె కూతురు జూలీకి బాలాపూర్ సంబంధం కుదిరింది కూడా ఒక కోతపండుగ భోజనాల దగ్గరే. గట్టు తగాదాలో తలలు పగలగొట్టుకుని మాటలు మానేసిన ఇద్దరు వియ్యంకులు ఆ ఒక్కరోజు మాత్రం ఒకే బంతిలో కూర్చుని తినేవాళ్ళు. మర్నాటికి మళ్ళీ ఎవరి దారి వాళ్ళదే.

పాదిరి జయశీలన్ గారు కోస్తాలో పెరిగి, వేదాంత కళాశాలలో గ్రీకు చదువుకున్న మనిషి. ఒకసారి పండుగ ప్రసంగంలో ఆయన వరమ్మను చూపించి ఇలా చెప్పారు: “పూర్వం గ్రీకు దేశంలో ఒక్కో పట్టణం ఒక్కో రాజ్యం. అస్తమానం యుద్ధాలే. అయినా పండుగ దగ్గర పడిందంటే చాలు, పిలుపు మోసేవాళ్ళు పట్టణం పట్టణానికీ బయలుదేరేవారు. వాళ్ళ మీద ఎవరూ చెయ్యి వేసేవారు కాదు. ప్రతి పట్టణంలోనూ వాళ్ళను దించుకునే ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంటివాళ్ళ పేర్లు రాతి మీద చెక్కించి పెట్టుకునేవారు. మనకు రాతి పలక లేదు. వరమ్మగారికి అన్నీ నోటికి వచ్చు.” అందరూ నవ్వారు. వరమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

ఆమెకు నిజంగానే నోటికి వచ్చు. ఊరికో ఇల్లు. ఆరూళ్ళలో అవి క్రైస్తవుల ఇళ్ళు. ఒక్క మామిడిపల్లిలోనే తేడా. అక్కడ ఆమె దిగే ఇంటి క్రైస్తవ కుటుంబం బతుకుదెరువుకు పట్నం వెళ్ళిపోయింది. ఆ ఏడు తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డ వరమ్మను పక్కింటి దుర్గవ్వ పిలిచి కూర్చోబెట్టింది. “వాళ్ళు లేకుంటే ఏమాయె అక్కా, నేను లేనా?” అంది. అప్పటినుంచీ అదే ఆమె ఇల్లు. దుర్గవ్వ, ఆమె భర్త కొండల్ ప్రతి కోతపండుగకూ వచ్చేవాళ్ళు. వాళ్ళింట్లో బోనాలప్పుడు వరమ్మ, ఆమె భర్త ఆశేర్ వెళ్ళి అన్నం తిని వచ్చేవాళ్ళు. ఆశేర్, కొండల్ వేపచెట్టు కింద మంచం వేసుకుని ఎడ్ల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఇద్దరికీ ఎడ్లు లేవు.

ఆశేర్ గగన్‌పహాడ్‌లో ఒక ఫ్యాక్టరీలో కాపలా పని చేసేవాడు. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది అక్టోబరులో, పగటి డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి వస్తుంటే, బెంగళూరు రోడ్డు దాటే చోట లారీ గుద్దింది. దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు.

భూస్థాపన నాడు జూలీ మట్టిలో పడి ఏడ్చింది. వరమ్మ ఏడవలేదు. కూతురి చీరకంటిన మట్టి దులిపింది. వచ్చిన వాళ్ళకు మంచినీళ్ళు అందాయో లేదో చూసింది. రేపో ఎల్లుండో ఏడుస్తుందిలే అనుకున్నారు. నాలుగు రోజులు గడిచాయి, వారం గడిచింది. ఆమె లేచేది, పొయ్యి వెలిగించేది, ఇద్దరికి వండేది, ఒక్కతే తినేది, మిగిలింది పక్కింటి మేకకు పెట్టేది. కూరలో ఉప్పు వేసిందో లేదో తెలిసేది కాదు. ఎవరైనా మాట్లాడిస్తే జవాబు చెప్పేది. ఆ గొంతు గోడకు అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించేది.

పన్నెండో రోజు పాదిరిగారు ఇంటికి వచ్చారు.

“వరమ్మగారూ, ఈసారి పిలుపుకు ఇంకెవరినైనా పంపుదాం. మీరు విశ్రాంతి తీసుకోండి.”

“నేనే పోత అయ్యగారూ.”

“ఊరూరా అందరూ ఆశేర్‌గారి మాటే ఎత్తుతారమ్మా. తట్టుకోగలరా?”

“ఇంట్ల కూసున్నా అదే మాట గద. నేనే పోత.”

ఆమె ధైర్యం చేసి అన్న మాట కాదది. అక్టోబరు చివర ఆ దారి నడవడం కాళ్ళకు అలవాటు, అంతే.

గగన్‌పహాడ్‌లో తెలియని వాళ్ళు లేరు. దిగిన ఇంటి ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని గొల్లుమన్నారు. వరమ్మ వాళ్ళ వీపులు నిమిరి, వాళ్ళు తేరుకున్నాక, “నవంబరు రెండో ఆదివారం. అందరు రాండ్రి. కొత్త వడ్లు తేండ్రి,” అంది. తొండుపల్లిలోనూ అంతే, పెద్ద గోల్కొండలోనూ అంతే. చావు కబురు ఆమెకంటే ముందే ఆ దారిన నడిచి పోయినట్టుంది. పెద్ద గోల్కొండలో ఒక ముసలమ్మ ఏమీ అనకుండా వేడినీళ్ళు తెచ్చి ఆమె కాళ్ళ మీద పోసింది. నీళ్ళు వేడిగా ఉన్నాయని వరమ్మకు తెలిసింది. అంతకు మించి ఏమీ తెలియలేదు.

నాలుగో రోజు మామిడిపల్లి చేరేసరికి మధ్యాహ్నం అయింది. పొలాల మీద కొలత గొలుసులతో మనుషులు తిరుగుతున్నారు. దుర్గవ్వ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. చూడగానే లేచి ఎదురొచ్చింది.

“వచ్చినవా అక్కా! రేపో మాపో వస్తవనే అనుకుంటున్న. చూసినవా, భూములు కొలుస్తున్నరు. ఈడ విమానాలు దిగుతయంట. మీ కొండలన్న ఒకటే పరేషాన్. కూసో, కూసో. అన్న మంచిగున్నడా?”

ఈ ఊళ్ళో క్రైస్తవుల ఇల్లు లేదు. కబురు తెచ్చేవాళ్ళు లేరు. దుర్గవ్వకు తెలియదు.

“మంచిగున్నడు,” అంది వరమ్మ.

“డ్యూటీ అదేనా? రాత్రిదా?”

“పగటిదే.”

“ఈసారి పండుగకు బంతిల నా పక్కకే కూసోవాలె అని అన్న అన్నడంట, మీ కొండలన్న చెప్పిండు. చూద్దాం ఏం చేస్తరో ఇద్దరు.”

వరమ్మ తల ఊపింది. దుర్గవ్వ జొన్నరొట్టెలు చేసి పెట్టింది. కొలత మనుషుల గురించి, బోరులో తగ్గిన నీళ్ళ గురించి మాట్లాడింది. వరమ్మ ఊ కొట్టింది, రెండు రొట్టెలు తిన్నది, తెల్లారి లేచి బయలుదేరింది. దుర్గవ్వ ఒక గంపెడు సీతాఫలాలు తెచ్చి ఆమె సంచి నింపింది.

“అన్నకు పానం గద ఇవంటే. రెండు రోజుల్ల పండుతయి. మొత్తం ఆయనకే ఇయ్యి, నువ్వు తినకు,” అని నవ్వింది.

సంచి బరువుగా ఉంది. వరమ్మ దాన్ని మోసుకుంటూ మిగిలిన ఊళ్ళు తిరిగి, చివరికి బాలాపూర్‌లో కూతురింటికి చేరింది. జూలీ సంచి అందుకుంది.

“ఇన్ని పండ్లేందమ్మా? ఎవరిచ్చిన్రు?”

“దుర్గవ్వ. మీ బాపుకు పంపింది.”

జూలీ తల్లి మొహం వైపు చూసింది. “ఆమెకు ఎరుక లేదా?”

“లేదు.”

“నువ్వు చెప్పలేదా?”

జూలీ గోడకు ఆనుకుని కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. అప్పటికి పండ్లు మెత్తబడ్డాయి. వరమ్మ ఒకటి తీసి విప్పింది. గుజ్జు తిని, గింజలు ఒక్కొక్కటే అరచేతిలోకి ఊసింది. తియ్యగా ఉండాలి. ఉండే ఉంటుంది.

పండుగ నాడు చర్చి ఆవరణ చాలలేదు. ఏడూళ్ళ నుంచీ జనం ట్రాక్టర్ల మీద, బస్సుల్లో దిగారు. ఎప్పుడూ రానివాళ్ళు కూడా ఆశేర్ పేరు మీద ఒక బస్తా, ఒక కోడి తెచ్చారు. దుర్గవ్వ, కొండల్ గుమ్మడికాయ పట్టుకుని వచ్చారు. కొండల్ ఆశేర్ కోసం అటూ ఇటూ చూస్తుంటే, గగన్‌పహాడ్ మనిషి ఒకాయన పక్కకు తీసుకుపోయి చెప్పాడు.

వరమ్మ వంటల దగ్గర విస్తర్లు సర్దుతోంది. దుర్గవ్వ నేరుగా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

“నా ఇంట్ల రొట్టె తిని, అన్న మంచిగున్నడని చెప్పినవ్. పండ్లిస్తే తీసుకపోయినవ్. నేను పరాయిదాన్ననుకున్నవా?”

“కాదు.”

“మరి ఏంది అక్కా? గట్ల ఎట్ల చెప్పబుద్దయింది?”

వరమ్మ విస్తర్లు కింద పెట్టింది. “అన్ని ఊర్లల్ల అందరికీ ఎరికే. ఎవ్వలు అడగలే. నువ్వొక్కదానివే అడిగినవ్, అన్న మంచిగున్నడా అని. నోటికి అదే వచ్చింది.”

దుర్గవ్వ కోపం చల్లారిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు నడుముకు బిగించి, వరమ్మ పక్కన నిలబడి చివరి బంతి దాకా వడ్డించింది. ఆ సాయంత్రం కొండల్ ఒక్కడే ఊరికి పోయాడు. దుర్గవ్వ తొమ్మిది రోజులు సాతంరాయిలోనే ఉంది. ఒక్కరికి సరిపడా ఎట్లా వండాలో ఆమె వరమ్మకు చేసి చూపించింది. ఆమె వెళ్ళాక పెద్ద గోల్కొండ నుంచి ఒకామె వచ్చి వారం ఉంది. ఆ తర్వాత తొండుపల్లి నుంచి. ఎవరు ఏర్పాటు చేశారో వరమ్మకు తెలియదు, అడగలేదు. వచ్చిన వాళ్ళకు చాప వేసేది. వాళ్ళు మాట్లాడితే వినేది. ఆ బండబారినతనం అట్లాగే ఉంది. కాకపోతే ఎండాకాలం నాటికి కూరలో ఉప్పు తెలుస్తోంది.

మరుసటి అక్టోబరులో ఆమె మళ్ళీ బయలుదేరింది. ఎట్లున్నవని అడిగిన వాళ్ళకు, “గిట్లనే ఉన్న,” అని చెప్పింది. మామిడిపల్లిలో భూములు పోతాయన్న మాట గట్టిపడింది. ఎప్పుడు పోతాయో ఎవరికీ తెలియదు. దుర్గవ్వ ఈసారి ఏమీ అడగలేదు. చాప వేసి, అనపకాయలు ముందు పోసుకుని ఒలుస్తూ కూర్చుంది. వరమ్మ కూడా ఒక గుప్పెడు తీసుకుంది. ఒలిచిన గింజలు చేటలో సగందాకా వచ్చాయి.

“ఆ రోజు వంకాయ కూర వండిన,” అంది వరమ్మ ఉన్నట్టుండి. “మూడున్నరకు వస్తడు గద అని ఇంకా కూర మూత కూడ తియ్యలే. బయట ఎవరో ఉరికొచ్చిన్రు.”

ఏడాదిలో ఆమె ఆ సంగతి ఎవరితోనూ చెప్పలేదు. జూలీతో కూడా. కళ్ళు పొడిగానే ఉన్నాయి. చేతులు కాయలు ఒలుస్తూనే ఉన్నాయి.

“మల్ల?” అంది దుర్గవ్వ, తల ఎత్తకుండా.

వరమ్మ ఇంకో కాయ తీసుకుని, రోడ్డు మీదికి తాను ఎట్లా పరుగెత్తిందో చెప్పడం మొదలుపెట్టింది.