తర్రెంలో క్రిస్మస్ టీకా

అది 1943 డిసెంబరు. బస్తర్ సంస్థానంలో నేను వ్యాక్సినేటర్‌ని, అంటే ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేసేవాణ్ణి. తర్రెం పక్క ఊళ్లో అమ్మవారు పోసిందని కబురొచ్చింది. జబ్బు అక్కడి నుంచి దాటి రాకముందే తర్రెం పిల్లలందరికీ టీకా పడాలి. లింఫ్ అని సన్నని గాజు గొట్టాల్లో వచ్చే టీకా మందు నాలుగు రోజులు దాటితే పనికిరాదు.

ఖాకీ కోటు తొడుక్కుని, ముందు ఊరి కావలివాడు కొత్వాల్ చేత డప్పు కొట్టిస్తూ దర్జాగా ఊళ్లోకి అడుగుపెట్టాను. నరమానవుడు లేడు! పొయ్యిల మీద అంబలి ఇంకా ఉడుకుతోంది, మనుషులు మాత్రం అడవిలోకి పారిపోయారు. మర్నాడూ అదే వరస. గొంతు చించుకున్నాను, సర్కారు హుకుం అని బెదిరించాను. ఎవరూ రాలేదు. కోపంతో ఉడికిపోయాను. లోపల్లోపల భయం కూడా వేసింది, ఆ పిల్లలకు జబ్బు సోకితే ఏం గాను?

మూడోనాడు క్రిస్మస్. పొద్దున్నే ఎడ్లబండి వచ్చి ఆగింది. చూస్తే నా భార్య రూతమ్మ, ఒళ్లో మా ఏడు నెలల పాప, పక్కన అరిసెల డబ్బా! మా ఇల్లున్న ఆవపల్లి నుంచి తన తమ్ముడి చేత బండి కట్టించుకుని వచ్చేసింది.

"నీకు బుద్ధుందా? పక్క ఊళ్లో మశూచి ఉంటే పసిపిల్లను తెస్తావా?" అని లేచాను.

"పండక్కి మీరు రాకపోతే మేమే వస్తిమి. ఊళ్లో జనం ఏరీ?"

"నన్ను చూసి పారిపోయారు."

"ఆ కోటేంది, ఆ డప్పేంది! నేనైనా ఉరుకుదును. ముందు అది ఇప్పుండి," అని నవ్వింది.

కోటు విప్పాను. రూతమ్మ నీళ్లు కాచి, ఎండలో కూర్చుని పాపకు స్నానం పోసింది. పాప కేరింతలు విని చెట్ల వెనక నుంచి దొర్ల తెగ ముసలమ్మ ఒకామె వచ్చింది. "ఎవల పిల్ల?" అంటూ ఎత్తేసుకుంది. నేను కదలగానే జంకింది.

"మా ఆయనే అవ్వా, కరవడు," అంది రూతమ్మ.

ఒకరి వెంట ఒకరు ఆడవాళ్లు వచ్చారు. టీకా సంగతి చెప్పాను. ముసలమ్మ పాప రెండు చేతులూ తిప్పి చూసింది.

"మరి నీ పిల్లకు ఏసినవా?"

వేయలేదు! ఎందరో పిల్లల చేతులు గీరినవాణ్ణి, నా కూతురు ఏడిస్తే చూడలేక రేపు మాపు అంటూ వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రూతమ్మ పాప చేయి చాపి పట్టుకుంది. గీరడానికి వాడే లాన్సెట్ అనే చిన్న కత్తి తీశాను. గీరి మందు వేశాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు. ముసలమ్మ మా ఇద్దరినీ చూసి, అడవివైపు తిరిగి కేక పెట్టింది.

"రాండి! సొంత పిల్లనే ముందల పెట్టిండు, మనల మోసం జేస్తడా?"

సాయంత్రానికి గాజు గొట్టాలూ ఖాళీ, అరిసెల డబ్బా ఖాళీ. ఆ ఏడు తర్రెంలో ఒక్క పిల్లకూ అమ్మవారు పోయలేదు.

దేవుడు పశువుల పాకలో పుట్టాడని చిన్నప్పటి నుంచీ పాడుతూనే ఉన్నాను, ఎందుకని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆయనకు డప్పులూ హుకుములూ కరువా? అవి చూస్తే మనం అడవి పట్టిపోయేవాళ్లం. అందుకే తన బిడ్డనే పసికందుగా మన చేతుల్లో పెట్టాడు, మన నొప్పి ఆ బిడ్డకూ తగలనిచ్చాడు. ఏసు పేరే వినని ముసలమ్మ దగ్గర ఈ పాఠం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ డప్పు కొట్టించలేదు.

ఖాకీ కోటు సంగతంటారా? ఆ సాయంత్రం బండిలో పాపకు పక్కబట్టగా పరిచాం. మళ్లీ తొడుక్కోలేదు.