సౌండ్ తీసేసిన యుద్ధం

మా చెల్లెలు కుసుమకుమారి అసలే తక్కువ మాట్లాడుతుంది గానీ, చిన్నప్పటి కార్టూన్ సంగతి ఎత్తితే ఆపడం కష్టం. ఆదివారం పదింటికి వచ్చేది. ముగ్గురు పిల్లలు ఇనుప పక్షి ఎక్కి, మంటలు కక్కే ఒంటికంటి రాజుతో యుద్ధం చేస్తారు. మేం దాన్ని సౌండ్ తీసేసి చూసేవాళ్ళం. నాన్న శ్రీరామ్మూర్తి స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి ఆ గదిలోనే పడుకునేవాడు మరి.

బొమ్మలకు మాటలు మేమే పెట్టేవాళ్ళం. రాజు మాటలు చెల్లెలివి. లోకాలు తగలబెట్టే రాజు మా ఇంట్లో మాత్రం గుసగుసగా బెదిరించేవాడు. "ఏటోయ్, నా కోటలోకి సెప్పులేసుకుని వచ్చేత్తన్నావేటి?" అనేది నా చెవిలో. నవ్వు ఆపుకోలేక దిండు కొరికేవాణ్ణి. నాన్నకు పగటి షిఫ్ట్ పడ్డ వారాల్లో సౌండ్ పెట్టి చూస్తే అసలు మాటలు చప్పగా తోచేవి. సౌండ్ మేమే కట్టేసేవాళ్ళం. అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు.

తర్వాత నేను ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ మిషన్ల హోరులో అరిస్తేనే మాట. చెల్లెలు మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడింది. ఆమె భర్త గుణశేఖర్ పోర్టులో క్రేన్ నడుపుతాడు, ఎక్కువ రాత్రులే. దువ్వాడ రైల్వే స్టేషన్ పక్కన ఒక్కటే గది, మధ్యలో తెర. స్టేషన్‌లో గూడ్స్ కూత పెట్టినా బావ లేవడు, ఇంట్లో గరిటె పడితే లేస్తాడు. కుక్కర్ విజిల్‌కి భయపడి చెల్లెలు అన్నం గిన్నెలోనే వండి వారుస్తుంది.

వాళ్ళ పాప నిఖిత యూకేజీ. బళ్ళో పెదవులు కదుపుతుంది తప్ప గొంతు వినపడదని టీచరు కబురు పెట్టింది. డాక్టరు లోపమేమీ లేదన్నాడు. వచ్చే వారం అందరి ముందు పద్యం అప్పజెప్పకపోతే మళ్ళీ అదే క్లాసులో ఉంచేస్తారట. నాకు ఒళ్ళు మండింది. పిల్లను మూగదాన్ని చేస్తున్నావని చెల్లెల్ని కసిరాను.

"నాను సెయ్యగలిగిందేటుంది అన్నియ్యా? ఈ గదిలో గొంతెత్తే సోటెక్కడుంది?" అంది.

ఆదివారం పొద్దున ఫోన్లో ఆ పాత కార్టూన్ వెతికి పట్టుకుని వెళ్ళాను. తెర వెనక బావ నిద్రలో ఉన్నాడు. పాపను తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, సౌండ్ తీసేసి బొమ్మ పెట్టి, రాజు మాటలు గట్టిగా చెప్పమని చెల్లెల్ని అడిగాను. తల్లి అరిస్తే పిల్లా అరుస్తుందని నా ఆలోచన. చెల్లెలు తెర వైపు చూసి వద్దంది. బావ ఒక్కపూట లేస్తే కొంపేం మునిగిపోదన్నాను. ఏమనుకుందో ఏమో, ఒంటికంటి రాజు కనపడగానే గది అదిరేలా గద్దించింది. ముప్పై నాలుగేళ్ళలో నా చెల్లెలి అసలు గొంతు అప్పుడే విన్నాను. ఎంత బాగుందో.

పాప నవ్వలేదు. రెండు చేతులూ తల్లి నోటి మీద నొక్కిపెట్టింది. ఊపిరితోనే అంది.

"అరవకే అమ్మా. నాన్న నిద్దర సెడితే క్రేన్ కిందున్నోళ్ళు సచ్చిపోతారు."

ఆ మాట ఎవరు నేర్పారో చెల్లెలి ముఖం చూస్తే తెలిసింది. పిల్లను ఊరుకోబెట్టడానికి ఎప్పుడో అని ఉంటుంది. పూర్తిగా అబద్ధమూ కాదు. కాదమ్మా అని ఇప్పుడు చెబుదామన్నా నోటి మీద ఆ చేతులున్నాయి.

తెర సందులోంచి బావ కళ్ళు నాకు కనిపించాయి. పూర్తిగా మేలుకుని ఉన్నాడు. పాప భయంభయంగా అటు తిరిగేసరికి కళ్ళు గట్టిగా మూసుకుని, గురక పెట్టడం మొదలుపెట్టాడు.