నాలుగు ఎమ్యులేటర్లూ, మా అక్క పిట్ట ఆటా

ఆ రోజుల్లో ఇంట్లో ఒక్కడికి కంప్యూటర్ వస్తే చాలు, చుట్టాలందరి ఫోన్ల బాగోగులూ వాడి నెత్తినే పడేవి. నాకు కంప్యూటర్ వచ్చని మొదట ఎవరన్నారో నాకు తెలీదు. సూర్యాపేట బస్టాండు దగ్గర ఒక చిన్న సెంటర్లో పిల్లలకి టైపింగ్ చెప్పేవాణ్ణి, అంతే. వాళ్ళు నన్ను సార్ అనేవాళ్ళు. ఆ మాట తిరుమలగిరిలోని మా ఇంటికి చేరేసరికి నేను ఇంజనీరునైపోయాను. ("మావోడు కంప్యూటర్లు తయారు జేస్తడు" అని మా అమ్మ పక్కింటావిడకి చెప్తుంటే స్వయంగా విన్నాను. కాదనలేదు. జీతం ఎలాగూ పెరగడం లేదు, గౌరవమైనా పెరగనీ అనుకున్నాను.) ఆ లేని పాండిత్యం పుణ్యమా అని, ఎండలు ముదిరినప్పటి నుంచి వానలు ఊపందుకునేదాకా నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు.

మా అక్క అత్తగారిది మాడుగులపల్లి. అంతకు ముందు ఏడాది ఆమెకి కడుపు నిలవలేదు. ఆ తర్వాత చాలా కాలం మా ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. రెండోసారి నెల తప్పాక, మూడు నెలలు నిండగానే మిర్యాలగూడ డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి, కాన్పు దాకా మంచం దిగొద్దంది. దవాఖానకి దగ్గరగా ఉంటుందని బావ మిర్యాలగూడలోనే ఒక రైసుమిల్లు వెనకాల రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. మంచానికి కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. అక్క తల కిందికి, కాళ్ళు పైకి పెట్టుకుని పొద్దంతా ఫ్యానుని చూస్తూ పడుకోవాలి. ఆమె చూస్తే కాలు ఒక దగ్గర నిలిపే రకం కాదు. పత్తి ఏరడానికి దిగితే సాలు చివరిదాకా నడుము ఎత్తని మనిషి. "పిచ్చిలేస్తుందిరా తమ్మీ, ఒక్కపారి లేసి గడపదాంక పోయొస్త" అని అందర్నీ బతిమాలేది. వాళ్ళత్తమ్మ తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కాపలా కూచునేది. మా అందరి భయమూ ఒక్కటే: ఈమె ఏదో ఒక పూట ఎవరూ చూడకుండా లేచి నడుస్తుంది, మళ్ళీ అదే జరుగుతుంది.

నేను ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. అలా వెళ్ళిన ఒక ఆదివారం అక్క ఉన్నట్టుండి, "ఒరేయ్, మన పిట్ట ఆట ఫోన్ల వస్తదారా?" అంది.

పిట్ట ఆట అంటే, మా చిన్నప్పుడు చిన్నమామ దుబాయ్ నుంచి తెచ్చిన అరచేతి వీడియో గేమ్ డబ్బాలోది. గొడుగు పట్టుకున్న ఒక పిట్ట నదులు దాటి, కోటలు ఎక్కి, లోకం తర్వాత లోకం పోతూ ఉంటుంది. ఆ డబ్బా తెరకి వెనక లైటు లేదు. మబ్బు పడితే ఏమీ కనిపించేది కాదు. అందుకని అక్క ఆడేది, నేను పక్కన నిలబడి తెర మీదికి టార్చిలైటు పట్టేవాణ్ణి. ఆటలో నా భాగం అంతే. మూడో లోకం వచ్చేసరికి చేయి నొప్పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి కనుక, ఆ తర్వాత ఏముందో నాకెప్పుడూ తెలీదు. అక్క మాత్రం చాలా దూరం పోయేది. తర్వాత బ్యాటరీలు లోపలే కారి డబ్బా చచ్చిపోయింది. (అక్క దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి బతికించాలని చూసింది. ఆ బియ్యం తిన్నామో లేదో ఇప్పుడెవరూ చెప్పరు.)

"ఎందుకు రాదక్కా? వచ్చే వారం ఏస్త" అన్నాను. ఇంజనీరుని కదా.

సూర్యాపేటకి తిరిగొచ్చి వెతికితే తెలిసింది, దీనికి ఎమ్యులేటర్ అనే యాప్ కావాలని. పాత డబ్బా వేషం వేసుకుని ఫోనులో కూచునే యాప్ అది. ఆట దాన్ని చూసి నిజంగా డబ్బాలోనే ఉన్నాననుకుని ఆడుతుంది. బాగానే ఉంది. కానీ అలాంటి వేషగాళ్ళు ఒకరిద్దరు కాదు, సంతలో కోళ్ళలాగా ఉన్నారు. ఒకదాన్ని పొగుడుతూ పది మంది రాస్తే, దాన్నే తిడుతూ పదకొండోవాడు రాశాడు. ఒకటి వేగంగా ఆడిస్తుంది కానీ శబ్దం చిటపటలాడుతుంది. ఇంకోటి అచ్చం పాత డబ్బాలాగే ఆడిస్తుందట, కానీ చవక ఫోనులో నత్తలా నడుస్తుంది. అక్కది ఆ చవక ఫోనే.

మా సెంటర్ కింద ఫోన్లు బాగుచేసే ఒకన్న ఉండేవాడు. అతన్ని అందరూ అప్‌డేట్ అన్న అనేవాళ్ళు, ఏ జబ్బుకైనా అతని మందు అదే గనుక. "జర ఫోన్ అప్‌డేట్ కొట్టు తమ్మీ, అన్ని యాపులు పరుగులు పెడ్తయ్" అన్నాడు. కొట్టాను. పరీక్షకి నా ఫోనుకే. అది అంతకు ముందు నడిచేది, ఇప్పుడు పాకడం మొదలుపెట్టింది. నా రూమ్మేటుది కోదాడ. వాడు మంచం మీంచి లేవకుండానే, "ఎందుకు మామా కంగారు? నేను చెప్పిన యాప్ వెయ్యి, వెన్నలాగా వెళ్ళిపోద్ది" అన్నాడు. వాడు ఆ యాప్ జన్మలో వాడలేదని తర్వాత తెలిసింది.

ఇలా కొట్టుమిట్టాడుతుండగా మా బాపు పత్తి విత్తనాలకి సూర్యాపేట వచ్చి నా రూములో దిగాడు. బాపు విత్తనాలు కొనే పద్ధతి మా తిరుమలగిరి వైపు అందరిదీ. మాది నీళ్ళు లేని మెట్ట. ఏ రకం మొలుస్తుందో, ఏది మోసం చేస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని ఎప్పుడూ ఒక్క రకాన్ని నమ్మరు. నాలుగు రకాల ప్యాకెట్లు తెచ్చి, ఉన్న చేనునే నాలుగు ముక్కలు చేసి వేస్తారు. నా గోడంతా విని బాపు ప్యాకెట్లు సంచిలో సర్దుకుంటూ, "గిండ్ల పరేషాన్ గావుడెందుకురా? నాలుగు ఏసి పెట్టు. ఒకటి మొల్వకుంటే ఇంకోటి మొలుస్తది" అన్నాడు.

ఇంత చదువు చదివి నాకీ మాట తట్టలేదే అని సిగ్గుపడ్డాను. ఆ ఆదివారమే జేబులో కేబులు వేసుకుని వెళ్ళి అక్క ఫోనులో నాలుగు ఎమ్యులేటర్లు నాటాను. (నాటాననే అనాలి, ఇంకో మాట లేదు.) ఒక్కోదాంట్లో ఆ పిట్ట ఆటే పెట్టాను. "అక్కా, దినానికొక దాంట్ల ఆడు. ఏది మంచిగుంటే దాన్ని ఉంచుదాం" అన్నాను.

చేనుకీ ఆటకీ తేడా ఉందని మా ఇంటా వంటా ఎవరికీ తెలీదు. చేనులో నాలుగు ముక్కలూ ఒకేసారి పెరుగుతాయి. ఆట అలా పెరగదు. మరుసటి ఆదివారం వెళ్ళేసరికి అక్క మొహం మాడ్చుకుని ఉంది. "గదే మొదటి నది నాలుగు దిక్కుల దాటిన. గదే కోట నాలుగు దిక్కుల ఎక్కిన. మంచంల పడుకోని పడుకోని నాకే పిచ్చి, నీకేమైందిరా?" అంది. ఆ నాలుగింటిలో ఆమెకి నచ్చింది అన్నిటికన్నా వికారంగా ఉన్నది. దాని అడుగున ఎప్పుడూ ఏదో ప్రకటన ఆడుతుండేది, ఒకసారి నగలు, ఒకసారి నడుం నొప్పి మందు. కానీ దాని బొత్తాలు పెద్దవి. పడుకుని ఫోను పైకి పట్టుకున్నా వేలు తప్పదు. ఆ ఒక్క కారణంతో మిగతా మూడూ వదిలేసి దాంట్లోనే ఆడడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కొన్ని వారాలు మా ఇంటికి శాంతి దొరికింది. అక్క గడప మాట ఎత్తలేదు. ఫోను చేస్తే, "రెండో లోకం ఖతం జేసిన, మొసళ్ళు సంపుతున్నయ్ రా" అనేది. అత్తమ్మ కుర్చీ తలుపు దగ్గర్నుంచి జరిగి వంటింటి వైపు పోయింది. అక్క మూడో లోకం చివరి గేటు దాకా చేరింది. అక్కడితో నేను ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

కానీ నాకు ఆ వికారమైన యాప్‌ని చూస్తే మనసొప్పేది కాదు. మా అక్క నడుం నొప్పి ప్రకటనలు చూస్తూ ఆడడమేమిటి, తమ్ముడు ఇంజనీరై ఉండీ! పైగా ఫోను నిండిపోయి జాగా లేదని మొరాయిస్తోంది. ఒక ఆదివారం అక్క కునుకు తీస్తుండగా ఫోను తీసుకుని, ఆమె ఆగిన చోటుని దాచిన ఫైలుని ఆ నాలుగింటిలోనే ఉన్న, రూమ్మేటు చెప్పిన వెన్న యాప్‌లోకి మార్చాను. ఆ యాప్ అడిగే తీరులో దాని పేరు కూడా మార్చాను. ఆ తర్వాత వికారమైనదాన్నీ మిగతా రెండింటినీ తుడిచేశాను. ఒక యాప్ దాచినది ఇంకో యాప్‌కి అర్థం కాదని, తాళంచెవి పేరు మార్చినంత మాత్రాన పక్కింటి తాళం తెరుచుకోదని నాకు తెలీదు. ముందు తెరిచి చూసి, తర్వాత తుడవాలని కూడా తోచలేదు. వెన్న యాప్ తెరిస్తే పిట్ట మొదటి లోకంలో, మొదటి నది ఒడ్డున, గొడుగు మూసుకుని నిలబడి ఉంది.

అక్క లేచి చూసింది. తిడుతుందని వంచిన తల ఎత్తలేదు నేను. తిట్టలేదు. ఫోను దిండు కింద పెట్టేసి గోడ వైపు తిరిగి, "ఏదీ నిల్వదురా నా దగ్గర" అంది.

అప్పటిదాకా ఆ పోయిన బిడ్డ గురించి ఆమె మాతో ఒక్క మాటా అనలేదు, ఒక్క చుక్కా రాల్చలేదు. ఇప్పుడు ఒళ్ళంతా కదిలేలా ఏడ్చింది. కదలకూడదు కదా అని నాకు ప్రాణం పోతోంది. వంటింట్లోంచి పరుగున వచ్చిన అత్తమ్మ ఆమె తల నిమురుతూ నన్ను చూసిన చూపుకి నేల చీలితే బాగుండుననిపించింది. నా చేతులతో నేనే ఆ బిడ్డకి కూడా ఏదో చేసేశానన్నంత భయం వేసింది.

ఏడుపు తగ్గాక కూడా అక్క ఇటు తిరగలేదు. కళ్ళు మూసుకునే ఉంది. దుప్పటి మీద ఆమె బొటనవేలు మాత్రం కదులుతోంది, లేని బొత్తాన్ని నొక్కుతూ. ఏం చెయ్యాలో తోచక, ఏం చేస్తున్నానో తెలీక, నేను నోటితో పిట్ట ఎగిరే చప్పుడు చేశాను. "టుయ్!"

వేలు ఆగింది. కాసేపటికి మళ్ళీ నొక్కింది. మళ్ళీ "టుయ్" అన్నాను.

"గేటు దాటిందా?" అంది కళ్ళు తెరవకుండానే.

"దాటింది. నాలుగో లోకంలకు వచ్చింది."

"ముంగట ఏమున్నది?"

ఏముందో నాకేం తెలుసు! నేను టార్చి పట్టింది మూడో లోకం దాకానే. నోటికొచ్చింది చెప్పాను. "ముంగట హైవే ఉంది. మునగాల దాబాలు. లారీలు వస్తున్నయ్."

"పిట్ట లోకంల లారీలేందిరా?"

"కొత్త వెర్షన్ అక్కా."

ఆమె భుజం కదిలింది. ఏడుపేమోనని వంగి చూస్తే నవ్వు. "కుడికి పో. ఎగురు. లారీ మీద దిగు" అంది. నేను లారీ హారన్ కొట్టాను, బ్రేకు వేశాను. పిట్టని లారీ మీంచి బస్సులోకి దించాను. కండక్టర్ పిట్టకి సగం టికెట్టు, గొడుగుకి లగేజీ టికెట్టు కొట్టాడు. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "నవ్వకు బిడ్డా, కుట్టు ఊడుతది! నువ్వు నోర్మూయ్ పిల్లగా!" అని ఇద్దర్నీ కసిరింది అత్తమ్మ. కసిరి వంటింట్లోకి పోయి, గరిట పట్టుకుని మళ్ళీ వచ్చి, "గా కండక్టర్ దిగనిచ్చిండా, లేదా?" అని అడిగింది.

ఆ రోజు నుంచి నేనే ఎమ్యులేటర్‌ని. ఆదివారాలు మంచం పక్కన, మిగతా రోజులు మధ్యాహ్నం తిండి వేళ ఫోనులో. సెంటర్ వరండాలో నిలబడి "టుయ్ టుయ్" అంటూ, మొసలిలా పళ్ళు కొరుకుతూ ఉండే సార్‌ని పిల్లలు కిటికీలోంచి చూసేవాళ్ళు. ఒకరిద్దరి తల్లిదండ్రులు వచ్చి బ్యాచ్ మార్చమని అడిగారు కూడా. నా గౌరవం అలా తీరిపోయింది. అక్క మాత్రం లేవలేదు. ఏ కోట గోడ మీదో పిట్టని ఆపి, "రేపు" అని పడుకునేది.

బాపు పత్తి మోకాలెత్తు పెరిగిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆట మధ్యలోనే ఫోను కట్టయింది. తర్వాత బావ చేశాడు, దవాఖానకి తీసుకుపోతున్నామని. నేను మిర్యాలగూడ చేరేసరికి ఆడపిల్ల పుట్టింది. నెలలు పూర్తిగా నిండలేదు, గుప్పెడంత ఉంది. కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచి, ఫరవాలేదని ఇచ్చారు. బిడ్డని అక్క పక్కలో పడుకోబెట్టిన రోజు అత్తమ్మ, అమ్మ, బాపు అందరూ చుట్టూ మూగి, ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని పంచుకుంటున్నారు. అక్క నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. నేను వంగాను.

"తమ్మీ, నేను యాడ ఆగిన్నో యాదికున్నదా?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఏదో మిల్లు కట్టాను పిట్టకి అడ్డంగా, ఏదో కాలవ తవ్వాను. అది ముందా, ఇది ముందా? పిట్ట గోడకి ఇవతలుందా, అవతలుందా? బుర్రలో తెల్లని తెర తప్ప ఏమీ లేదు.

"లేదక్కా" అన్నాను.

"సేవ్ చెయ్యలే?"

"చెయ్యలే."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. పక్కన బిడ్డ గుప్పిటలో తన వేలు అలాగే ఉంచి, "పోనీలే. ఇది నిలిసింది" అంది.

ఇప్పుడు నా ఫోనులో ఒక్కటే ఎమ్యులేటర్ ఉంది. ఏదీ పోగొట్టదు, ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. దాంట్లో పిట్టని నాలుగో లోకానికి తీసుకుపోదామని ఎన్నోసార్లు తెరిచి, గేటు దగ్గరే మూసేశాను. అక్కడ లారీలు ఉండవు. జేబులో కేబులు, నెత్తిన నాలుగు యాపుల బరువుతో ఆ దవాఖాన వరండాలో గోడకి ఆనుకుని, కట్టని కోటలు గుర్తు తెచ్చుకోవాలని తంటాలు పడుతున్న ఆ బక్కపలచటి ఇంజనీరుని తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, ఆ వారమంతా వాడు బస్సులో కూడా పెదాలు కదుపుతూనే ఉన్నాడు.