గంజికి బిల్లు లేదు

జర్మనీతో యుద్ధం మొదలైన రెండో ఏడు మా మామ నాకు ఉద్యోగం ఇచ్చినాడు. ఆయన మా అమ్మకు అన్న. రాజపాళయంలో ఆయనకు నలభై మగ్గాల కొట్టం ఉండేది. ఆసుపత్రుల్లో గాయాలకు చుట్టే పల్చని తెల్లబట్ట అందులో నేసేవాళ్లు. యుద్ధానికి ముందు ఆ నలభైలో పదిహేను ఆడితే గొప్ప. మిగతా మగ్గాల మీద కోళ్లు పొదిగేవి. సర్కారు పటాళానికి బట్ట కావాలని ఆర్డరు పంపినాక వారం తిరక్కుండా నలభై మగ్గాలూ ఆడినాయి. అదంతా తన తెలివేనని మామ ఊరంతా చెప్పుకున్నాడు. కోళ్లను తోలడం తప్ప ఆయన చేసింది నాకేమీ కనబడలేదు.

దుడ్డు రావడం మొదలయ్యేసరికి పన్ను కూడా వచ్చింది. మధురై నుంచి ఒక ఆడిటరు వచ్చి మామకు విడమరిచి చెప్పినాడు. యుద్ధానికి ముందు వచ్చిన లాభం కంటే ఇప్పుడు ఎంత ఎక్కువ వస్తే, ఆ ఎక్కువలో పెద్ద భాగం సర్కారుకు కట్టాలి. ఖర్చు పెరిగితే లాభం తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది. మామ చెవికి ఎక్కింది ఆ చివరి మాట ఒకటే.

"ఎట్లాగూ సర్కారు తినేదే గదా. మనవాళ్లు తింటే ఏం?" అన్నాడు.

ఆ విధంగా మా చుట్టాల్లో పదహారుమందికి జీతాలు ఏర్పడినాయి. నేను కాలేజీలో పరీక్ష తప్పి ఇంట్లో కూచుని ఉంటే నన్ను సూపర్వైజరు చేసినారు. మామకు పెదనాన్న కొడుకు ఒకాయన, రెండు చెవులూ వినబడవు, టెలిఫోను చూసుకునే పని ఆయనది. మాకు టెలిఫోను లేదు. ఉన్న ప్రహరీ గోడను కొట్టి ఇంకో మూర ఎత్తుగా కట్టించినారు. మగ్గాల మీద కప్పు మాత్రం వానకు కారుతూనే ఉండింది. దాన్ని బాగుచేస్తే బట్ట పెరుగుతుందని ఆ పదహారు బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు. నా బుర్రనూ కలిపే చెబుతున్నాను.

మామ పేరుకు ముదలాళి, అంటే యజమాని. కొట్టాన్ని నడిపింది మేస్త్రీ. అరవై దాటిన మనిషి, మంసాపురంవాడు, ఇంట్లో మా మాదిరే తెలుగు మాట్లాడేవాడు. నేతగాళ్లలో సగంమంది ఆయన ఊరివాళ్లే. తెల్లారకముందే బయలుదేరి, కడుపులో ఏమీ లేకుండా అంత దూరం నడిచి వచ్చేవాళ్లు. పది గంటలకు కొట్టం వెనకాల పెద్ద అండాలో సజ్జగంజి కాచి తలా ఒక చెంబు పోసేవాళ్లు. మామ అమ్మ, అంటే మా అమ్మమ్మ, బతికి ఉన్నప్పుడు పెట్టిన వాడుక అది. ఆ చెంబు తాగినాక మగ్గాల చప్పుడు మారేది. ఏ పనీ లేక కొట్టంలో తిరిగేవాణ్ణి గనుక ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మూడో ఏడు పన్ను ఆఫీసరు లెక్కలు చూడడానికి వచ్చినాడు. కోటు వేసుకున్న సన్నపాటి మనిషి, తమిళమూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడేవాడు. మమ్మల్ని పదహారుమందినీ వరసగా నిలబెట్టినారు.

"నీ పని ఏమి?" అని నన్ను అడిగినాడు.

"చూస్తానండి."

"ఏమి చూస్తావు?"

"నేసేవాళ్లను చూస్తాను."

ఆయన కణక్కుపిళ్ళై వైపు తిరిగినాడు. మామ దగ్గర లెక్కలు రాసే ఆ ముసలాయన నా సంతకాలు ఉన్న రసీదులు చూపించినాడు. నెల తప్పకుండా ఉన్నాయి, స్టాంపు అంటించి ఉన్నాయి. ఆఫీసరు తల ఊపి ముందుకు పోయినాడు. టెలిఫోను పెద్దాయన దగ్గర రెండుసార్లు గట్టిగా అడిగినాడు. జవాబు రాలేదు. రసీదులు మాత్రం సరిగ్గా ఉన్నాయి. ఆయననూ ఒప్పుకున్నాడు.

తరవాత గంజి ఖర్చు దగ్గర వేలు పెట్టినాడు.

"ఈ సజ్జలకు బిల్లు ఏది?"

"సంతలో ఆడవాళ్ల దగ్గర కొంటామండి. వాళ్లు బిల్లు ఇయ్యరు" అన్నాడు కణక్కుపిళ్ళై.

"బిల్లు లేకుంటే ఇది ఖర్చు కాదు. ముదలాళి ఇష్టపడి చేసిన దానం. లాభంలో చేర్చి రాయి."

ఎర్రసిరాతో ఆ పద్దు కొట్టేసినాడు. పనిచేయని పదహారుమంది ఖర్చు నిలిచింది. పనిచేసేవాళ్ల కడుపులో పడింది దానమైంది. అంత చదువు చదివి ఆ తీర్పు చెప్పినవాణ్ణి చూసి నాకు అప్పుడు నవ్వు వచ్చింది. ఇప్పుడు రాదు.

మామ ఆ సాయంత్రం వాకిట్లో అటూ ఇటూ తిరిగినాడు. "నేను పోసిన గంజికి నేనే పన్ను కట్టాలంట. శరి, రేపటి నుంచి గంజి లేదు" అన్నాడు. పన్ను ఎంతో నేను అడిగినాను. మా పదహారుమందిలో ఒకరి జీతానికి కూడా సరిపోదు. అయినా ఆయనకు రోషం వచ్చేసింది. దుడ్డున్నవాళ్ల రోషం ఎప్పుడూ ఇంకొకరి చెంబు మీదే పడుతుంది.

మరునాడు మేస్త్రీ వచ్చి తువ్వాలు చంకలో పెట్టుకొని నిలబడినాడు.

"ముదలాళీ, మనుషులు నిలబడలేరు. ఊరికే అడగడం లేదు. చిన్నయ్యలు పదహారుమంది ఉండారు, ఒకరిని తగ్గించండి. ఆ దుడ్డుతో అందరికీ గంజి వస్తుంది."

"వాళ్లకు రసీదు ఉంది, గంజికి లేదు" అన్నాడు మామ.

మేస్త్రీ నా వైపు చూసినాడు. సిగ్గు వేసింది. ఆ నెల నా జీతంతో సజ్జలు కొని ఇచ్చినాను. దాన్ని ఇక్కడ గొప్పగా రాసుకోవచ్చు. కానీ రెండో నెల జీతంతో చేతికి గడియారం కొనుక్కున్నాను. గంజి ఆగిపోయింది. మేస్త్రీ గడియారం వైపు కూడా చూడలేదు.

అదే సమయంలో పటాళం లారీలు పోవడానికి మధురై దగ్గర ఎక్కడో సర్కారు రోడ్డు వేయిస్తూ ఉండింది. రోజుకూలీ, మధ్యాహ్నం అన్నం. మంసాపురంవాళ్లు ముందు ఇద్దరు పోయినారు, తరవాత ఆరుగురు, తరవాత చెప్పకుండానే పోయినారు. పదిహేడు మగ్గాలు ఆగినాయి. సర్కారు ఒక చేత్తో గంజి ఆపించింది, ఇంకో చేత్తో అన్నం పెట్టి మనుషులను లాక్కుంది. బట్ట రాలేదేమని మూడో చేత్తో తంతి కొట్టింది.

తంతి వెనకాలే సప్లై శాఖ నుంచి ఇంకో ఆఫీసరు వచ్చినాడు. ఆగిన మగ్గాల మధ్య నడిచినాడు.

"ఉత్పత్తి ఎందుకు తగ్గింది?"

"కూలివాళ్లకు సోమరితనం పట్టిందండి" అన్నాడు మామ.

నేను పక్కనే ఉన్నాను. మేస్త్రీ చెప్పబోతే ఆఫీసరు చెయ్యి అడ్డంపెట్టి, "గజానికి ధర పెంచితే ఎక్కువ నేయగలరా?" అని మామనే అడిగినాడు. మామ గలనన్నాడు. ధర పెరిగింది. లాభం పెరిగింది. దాని వెంట పన్ను భయం పెరిగింది. మా పదహారుమందికి పదిహేడో ఆయన తోడైనాడు. ఆయనకు కోళ్లు మళ్లీ రాకుండా చూసుకునే పని. బట్ట ఒక్క గజం కూడా పెరగలేదు. ఎట్లా పెరుగుతుంది? ధర మామ చేతికి వచ్చింది, నేసే చేతికి రాలేదు.

ఆ ఏడే వ్యాపారస్తుల సభలో మామను మాట్లాడమన్నారు. దేశం సంపద పెంచడం గురించి. ఆ ప్రసంగం రాసి ఇచ్చింది నేనే. సూపర్వైజరుగా నేను చేసిన పని అదొక్కటి. చప్పట్లు బాగా కొట్టినారు.

యుద్ధం ముగిసినాక ఆర్డర్లు ఒక కార్డుముక్కతో ఆగినాయి. సర్కారు కొనడం ఆపేసరికి మామ తెలివి కూడా ఆగింది. మిగిలిన నేతగాళ్లను ఆ వారమే పంపేసినాడు. కొన్నాళ్లకు ఆ ఎక్కువ లాభం మీది పన్ను ఎత్తేసినారు. చుట్టాల మీద ప్రేమా దాంతోనే పోయింది. ఇప్పుడు మాకిచ్చే ప్రతి రూపాయీ ఆయన సొంతమే గదా. పదిహేడుమందిమీ ఒక్కరోజున ఇళ్లకు పోయినాము.

మరుసటి ఏడు ఏదో పనిమీద సేత్తూరు పోతే మేస్త్రీ కనబడినాడు. కొడుకు ఇంట్లో రెండు మగ్గాలు పెట్టుకొని తువ్వాళ్లు నేస్తూ ఉన్నాడు. మంచినీళ్లు ఇచ్చి కూచోబెట్టినాడు.

"చిన్నయ్యా, చదువుకున్నారు గదా, ఒకటి చెప్పండి. అంత పన్ను తీసుకున్నారే, ఆ దుడ్డుతో సర్కారు ఏం చేసినట్టు?"

"యుద్ధానికి కావలసినవి కొన్నారు. మన బట్ట కూడా దాంతోనే కొన్నారు."

ఆయన నూలు సరిచేసినాడు. "అట్లయితే కొట్టం కప్పు బాగుచేయమని వాళ్లయినా ఒక మాట చెప్పి ఉండొచ్చు, వాళ్లకే బట్ట ఎక్కువ వచ్చేది" అన్నాడు. కోపం లేదు. అంతమంది ఆఫీసర్లలో ఒక్కరికీ రాని లెక్క ఆయనకు వచ్చింది. నాకేమో అప్పటికే ఉద్యోగం ఖాయమై ఉండింది, అమ్మకపు పన్ను ఆఫీసులో గుమస్తాగా. ఆ సంగతి ఆయనకు చెప్పకుండా లేచి బస్సుకు పోయినాను.